ముందు తీసిపెట్టి... తర్వాతే ఖర్చు

పెళ్లయిన కొత్తలో ‘ఎంత ఇవ్వాలి’ అన్న ప్రశ్న. పిల్లలు పుట్టాక ‘ఎక్కడ సర్దాలి’ అన్న ప్రశ్న. యాభై దాటాక ‘మనకెంత చాలు’ అన్న ప్రశ్న. ఆఖరున ‘ఏం రాసి వెళ్లాలి’ అన్న ప్రశ్న. కానుక విషయంలో ఒక క్రైస్తవ జంట ప్రయాణమంతా ఈ నాలుగు ప్రశ్నల మీదుగానే సాగుతుంది.

ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యంలోంచి ఒక్క పిడికెడు తీసి, పొయ్యి పక్కనున్న డబ్బాలో వేస్తుంది ఇల్లాలు. పూటపూటా అంతే. ఇంట్లో నలుగురే ఉన్నా, చుట్టాలొచ్చి పదిమంది అయినా ఆ పిడికెడు తీశాకే బియ్యం కడగడం. వారం తిరిగేసరికి డబ్బా నిండుతుంది. ఆదివారం అది గుడికి వెళ్లి, బల్ల దగ్గరున్న గంపలో పడుతుంది. అందులో కొంత పాస్టరు అయ్యగారి ఇంటికి, కొంత సంఘంలో పొయ్యి వెలగని ఇంటికి వెళ్తుంది. మిగిలింది అమ్మితే వచ్చిన డబ్బు సంఘం లెక్కలో జమ. తెలుగు పల్లెల్లోని క్రైస్తవ ఇళ్లల్లో తరాల తరబడి సాగిన అలవాటిది. పేరు కూడా ‘పిడికెడు బియ్యం’ అనే.

ఆ పిడికెడు అన్నం వండాక మిగిలిన దాంట్లోది కాదు. వండకముందే తీసింది. తీసిన చెయ్యి ఇల్లాలిది. కూలి గింజల రూపంలో దొరికే రోజుల్లో ఇంట్లో ఆమె మాట చెల్లింది బియ్యం కుండ దగ్గరే. ఆ కుండలోంచే ఆమె తన కానుక తీసింది. ఈశాన్యాన మిజోరంలోనూ 1910లో స్త్రీలు ఇదే పద్ధతి మొదలుపెట్టారు. ‘బుహ్‌ఫాయి థామ్’ అంటారు దాన్ని. వంట చేసే ప్రతిసారీ తీసిన ఆ పిడికిళ్లే ఇవాళ అక్కడి ప్రెస్బిటేరియన్ సంఘానికి ఏటా కోట్ల రూపాయలు తెచ్చిపెడుతున్నాయి.

ఇప్పుడు జీతం బ్యాంకు ఖాతాలో పడుతోంది. కానుక ఫోన్‌లో క్యూఆర్ కోడ్ మీదుగా వెళుతోంది. కుండ పోయినా సూత్రం పోలేదు. ముందు తీసిపెట్టాలి, ఆ తీసేది ఇంట్లో ఇద్దరికీ తెలిసి జరగాలి. ఈ రెండూ కుదిరిన ఇంట్లో ఇవ్వడం జీవితాంతం నిలుస్తుంది. కుదరని ఇంట్లో పండుగ నాటి ఆవేశంగా వచ్చి, మర్నాటి గొడవగా మిగులుతుంది.

పేదలు నేర్పిన పాఠం

తెలుగునాట ప్రొటెస్టెంట్ సంఘాలు ఎక్కువగా కరువులోంచి, కూలి వాడల్లోంచి పుట్టినవి. 1876-78 నాటి ధాత కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వారిలో అత్యధికులు మాదిగ వాడలవారు. సొంత భూమి లేనివారు. ఊరి మోతుబరుల కళ్లాల దగ్గర గింజల కోసం ఎదురుచూసినవారు. ఊరు వారిని పుచ్చుకునేవాళ్లుగానే చూసింది. అలాంటివాళ్లు ఆదివారం పూట గంపలో గింజలు పోసి ‘ఇచ్చేవాళ్లు’ అయ్యారు. ఆ మార్పు విలువ రూపాయల్లో కొలవలేం.

ఆ విలువను బాగా ఎరిగిన మనిషి దోర్నకల్ బిషప్ వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తిరునల్వేలి ప్రాంతంలో 1874లో పుట్టిన తమిళుడు. 1898లో అన్బును పెళ్లాడారు. కట్నం లేని పెళ్లి. ఆ రోజుల్లో, ఆ సమాజంలో అది చిన్న విషయం కాదు. కొత్త కాపురం డబ్బుకు లొంగకుండా మొదలైంది. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత చందాలతో ఒక మిషనరీ సొసైటీని నిలబెట్టారు. దాని వెనకున్నవారిలో అజరయ్య ముఖ్యులు. విదేశీ డబ్బు లేకుండా ఈ దేశంవాళ్లే ఇచ్చి, ఈ దేశంవాళ్లనే పంపాలన్నది వాళ్ల సంకల్పం. అలా పంపిన చోటు నైజాం రాజ్యంలోని దోర్నకల్. నేటి మహబూబాబాద్ జిల్లాలోని ఆ ఊరికి 1909లో అజరయ్య స్వయంగా వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడే ఉండిపోయారు. అన్బు ఆయనతోపాటు వచ్చి పల్లె స్త్రీల మధ్య పని చేశారు. 1912లో ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే కన్నుమూశారు.

క్రైస్తవుల కానుకల మీద ఆయన ఇంగ్లిషులో ఒక పుస్తకమే రాశారు. పేదవాడికి పెట్టడం ఒక్కటే చాలదు, పేదవాడికి ఇవ్వడం కూడా నేర్పాలన్నది ఆయన పట్టు. ‘వాళ్లే లేనివాళ్లు, వాళ్లనేం అడుగుతాం’ అనడం పైకి దయలాగే కనిపిస్తుంది. కానీ అందులో వాళ్లను ఎప్పటికీ పుచ్చుకునే చేతులుగానే ఉంచే చులకన దాగి ఉంటుంది. తమిళ దేశంలోని సామాన్యుల చందాలు తెలుగు నేల మీద సంఘాలు కట్టాయి. ఆ సంఘాల్లోని కూలివాళ్లు మళ్లీ గింజలు, కోళ్లు, కొబ్బరికాయలు ఇచ్చి తమ ఉపదేశకులను పోషించుకున్నారు.

కొత్త కాపురం: ఎంత?

పెళ్లి కుదిరేటప్పుడు రెండు కుటుంబాలూ జీతాలు, పొలాలు, బంగారం అన్నీ మాట్లాడుకుంటాయి. ‘మీరు కానుక ఎలా తీస్తారు?’ అని మాత్రం ఎవరూ అడగరు. ఆ ప్రశ్న కాపురంలోకి వచ్చాక, మొదటి నెల జీతం పడ్డ రోజు బయటికి వస్తుంది. ఒకరి పుట్టింట్లో దశమభాగం లెక్క తప్పేది కాదు. ఇంకొకరి ఇంట్లో ఆదివారం జేబులో ఎంత ఉంటే అంతే సంచిలో పడేది.

దశమభాగం మాట బైబిల్లో చాలా పాతది. అబ్రాహాము మెల్కీసెదెకుకు పదోవంతు ఇచ్చిన సంగతి ఆదికాండంలోనే ఉంది. ధర్మశాస్త్రంలో ఆ పదోవంతు లేవీయులకు వెళ్లింది. ద్వితీయోపదేశకాండం ప్రకారం మూడో ఏట తీసిన భాగంలో పరదేశికి, తండ్రిలేని బిడ్డకు, విధవరాలికి కూడా వాటా ఉంది. పదోవంతు గురించి గట్టిగా చెప్పే బోధకులు చాలామంది ఈ రెండో సగం దగ్గర మాత్రం వేగంగా వెళ్లిపోతారు. కొత్త నిబంధనలో పౌలు కొరింథు సంఘానికి శాతం చెప్పలేదు. వారంలో మొదటి రోజున ఎవరికి వారు వచ్చినదాన్నిబట్టి తీసి ఉంచుకోవాలన్నాడు. సణుగుతూనో బలవంతం మీదనో ఇవ్వొద్దన్నాడు. అందుకే పదోవంతును కొందరు ఆజ్ఞగా, ఇంకొందరు మొదటి మెట్టుగా తీసుకుంటారు. భార్యాభర్తలు ఏది పాటించినా ఇద్దరూ ఒకటే పాటించాలి.

లెక్క దగ్గర వచ్చే చిక్కులు అందరికీ తెలిసినవే. పీఎఫ్, పన్ను కటింగులకు ముందు జీతం మీదనా, చేతికొచ్చిన దాని మీదనా? కౌలు రైతైతే మిర్చి అమ్మిన మొత్తం మీదనా, విత్తనాలు, ఎరువులు, కూలీలు, కౌలు పోగా మిగిలిన దాని మీదనా? దీనికి అన్ని సంఘాలూ ఒప్పుకున్న జవాబు లేదు. పెట్టుబడి అంతా అప్పయిన కౌలు రైతు, పోగా మిగిలిన లాభం మీద లెక్కగడితే తప్పేమీ లేదు. నెల జీతగాళ్లకు తేలికైన దారి ఉంది. భర్త టీచరు, భార్య నర్సు, ఇద్దరికీ కలిపి చేతికి 70,000 వస్తుందనుకుందాం. జీతం పడ్డ రోజే 7,000 వేరే ఖాతాలోకి పంపేస్తారు. అద్దె, పాలు, కిరాణా, బస్సు పాసులు అన్నీ మిగిలిన 63,000లోనే. నెలాఖరున ఏమైనా మిగిలితే చూద్దాం అనుకుంటే ఏ నెలా ఏమీ మిగలదు.

ఆ వేరే ఖాతా ఇద్దరి పేరనా ఉంటే ఇంకా మంచిది, దాపరికానికి చోటుండదు. అపొస్తలుల కార్యాల్లో అననీయ, సప్పీరా అనే జంట కథ ఉంది. పొలం అమ్మి, కొంత దాచుకుని, అంతా తెచ్చామని చెప్పారు. పేతురు వాళ్లను తప్పుబట్టింది దాచుకున్నందుకు కాదు. పొలం మీదే, డబ్బూ మీదే, ఇవ్వకపోయినా అడిగేవాళ్లు లేరన్నాడు. తప్పు అబద్ధంలో ఉంది. ఆ కథ వినగానే ఎక్కువ ఇవ్వాలన్న భయం పుట్టడం మనకు అలవాటు. నిజానికి అది నేర్పేది నిజాయితీ. ఉన్నంతలో ఇచ్చి ఉన్నంతే చెప్పాలి. మొగుడికి తెలియకుండా పెళ్లాం, పెళ్లానికి తెలియకుండా మొగుడు చాటుగా ఇచ్చే కానుకకూ ఇదే వర్తిస్తుంది. ఒకరికి విశ్వాసం ఉండి ఇంకొకరికి లేని ఇళ్లల్లో ఇది మరీ సున్నితం. అక్కడ మొత్తం తక్కువైనా సరే, ఇద్దరూ ఒప్పుకున్నదే ఇవ్వాలి.

నడి వయసు: ఎక్కడ సర్దాలి?

ముప్పై అయిదు నుంచి యాభై దాకా చేతులు కట్టేసినట్టుండే కాలం. పిల్లల ఫీజులు, ఇంటి లోను, అత్తమామల ఆపరేషన్లు, అమ్మానాన్నల షుగరు మందులు. ఈ వయసులోనే ‘ఇప్పుడు కాదు, తర్వాత ఇద్దాం’ అన్న మాట ఇంట్లోకి వస్తుంది. ఈ వయసులోనే సంఘంలో గుడి కట్టడం మొదలై, ‘ఒక్కొక్క కుటుంబం ఇంత’ అన్న పట్టీ కూడా వస్తుంది.

‘తనకు మాలిన ధర్మం, మొదలు చెడ్డ బేరం’ అన్నది మన సామెత. దీన్ని పిసినారుల సాకుగా చూడాల్సిన పని లేదు. మార్కు సువార్తలో యేసు ‘కొర్బాను’ అన్న ఆచారాన్ని గట్టిగా ఖండించాడు. తల్లిదండ్రులకు పెట్టాల్సింది దేవునికి అర్పించేశాం అని చెప్పి వాళ్లను గాలికి వదిలేయడం ఆ ఆచారం. అంటే అమ్మ మందుల డబ్బు ఎగ్గొట్టి గుడి మైకుసెట్టు కొనిచ్చినవాడు కానుక ఇచ్చినట్టు కాదు. కన్నవాళ్లను చూసుకోవడం కానుకకు పోటీ అని ఎవరైనా బోధిస్తే ఆ బోధనే అనుమానించాలి.

అప్పు చేసి ఇవ్వడం కూడా ఇలాంటిదే. బంగారం తాకట్టు పెట్టి, చీటీ ముందే పాడుకుని గుడి కట్టడానికి చందా రాసిన ఇళ్లు పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉన్నాయి. ‘ఇంత విత్తితే ఇంతకింత కోస్తారు, మీ అప్పులన్నీ తీరిపోతాయి’ అని వేదిక మీద నుంచి చెప్పే మాట వాళ్లను అటు తోస్తుంది. ఇవ్వడాన్ని దేవుడితో వడ్డీ వ్యాపారంగా మార్చే ఈ బోధ విశ్వాసాన్ని పెంచదు. పేదవాడి భయాన్ని, ఆశను పిండుకుంటుంది. పౌలు మెచ్చుకున్న మాసిదోనియ సంఘాలు కడు పేదరికంలోనూ ఇచ్చాయి నిజమే. కానీ ఎవరో పట్టుబట్టి రాయించుకున్నందుకు ఇవ్వలేదు, తమంతట తామే ముందుకొచ్చారు. రెండు కాసులు వేసిన విధవరాలి కథను చందా పుస్తకం చేతబట్టుకుని చెప్పేవాళ్లు, దానికి సరిగ్గా ముందు విధవరాండ్ర ఇళ్లు దిగమింగే మతపెద్దల్ని యేసు దుయ్యబట్టిన మాటలు కూడా చదవాలి.

ఈ వయసులో తెలివైన జంటలు చేసే పని ఒకటుంది. శాతం తగ్గించుకున్నా, అలవాటు మానరు. పదోవంతు కష్టమైన ఏడాది ఇరవయ్యో వంతు తీస్తారు. ‘సున్నా’ మాత్రం రానివ్వరు. పిల్లలకు కూడా ఇందులో చోటిస్తారు. కోతల పండుగ రోజు చూడండి. వరి వెన్నులు, గుమ్మడికాయలు, గోంగూర కట్టలు, కోడిగుడ్లు, కాళ్లు కట్టేసిన పుంజులు అన్నీ బల్ల ముందు పేరుస్తారు. ఆరాధన అయ్యాక వేలంపాట. బజార్లో తక్కువకే దొరికే సొరకాయ ఇక్కడ వందల్లోకి వెళుతుంది. పాడుకున్నవాడు దాన్ని మళ్లీ అక్కడే పెట్టేసి ‘ఇంకోసారి పాడండి’ అంటాడు. పెరట్లో తాను నీళ్లు పోసిన పాదుకు కాసిన కాయ ఊరంతా పాడుతుంటే చూసిన పిల్లకు ఇవ్వడం గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఎవరికి? లెక్కేదీ?

పదోవంతు మొత్తం సొంత సంఘానికే ఇవ్వాలా, కొంత అనాథ పిల్లలకు, ఆసుపత్రికి, చదువుకునే పేద పిల్లవాడికి ఇవ్వొచ్చా? సంఘాలను బట్టి జవాబు మారుతుంది. చాలా జంటలు ఒక మధ్య దారి పాటిస్తాయి. పెద్ద భాగం తాము ఆరాధించే సంఘానికి, ఎందుకంటే కాపరి జీతం, గుడి కరెంటు బిల్లు ఇంకెవరూ కట్టరు. కొంత దూరాన ఉన్నవారికి. కొంత చేతిలోనే ఉంచుకుంటారు, అనుకోకుండా తలుపు తట్టే అవసరం కోసం. అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సిన పొరుగింటి మనిషి కులం, మతం ఆ క్షణంలో ఎవరూ అడగరు. మంచి సమరయుని కథలో గాయపడినవాణ్ని ఎత్తుకుని, సత్రంవాడికి డబ్బు చెల్లించింది పరాయివాడే.

కుడిచేత్తో ఇచ్చేది ఎడమచేతికి తెలియకూడదన్నది ఇచ్చేవాడి గొప్పలకు కళ్లెం. పుచ్చుకునేవాడు లెక్క చెప్పక్కర్లేదని దానర్థం కాదు. యెరూషలేములోని పేదల కోసం పోగైన డబ్బును పంపేటప్పుడు పౌలు ఒక్కడే చేతపట్టుకుని వెళ్లలేదు. సంఘాలు ఎంచుకున్న మనుషులను తోడు తీసుకెళ్లాడు. రసీదు ఇవ్వని చోట, ఏటా లెక్క చదవని చోట, కానుకల పెట్టె ఒక్కరే తెరిచే చోట అడగడం అవిశ్వాసం కాదు, బాధ్యత. కోశాధికారి, కమిటీ, ఆడిట్ ఉన్న సంఘంలో కాపరి పేరుకూ రక్షణ ఉంటుంది.

పన్ను సంగతి కూడా తెలిసి ఉండాలి. 80జిగా అందరికీ తెలిసిన విరాళాల పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే దక్కుతుంది, కొత్త విధానంలో లేదు. నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మొత్తానికీ మినహాయింపు రాదు. పైగా ఒక మతస్థుల కోసమే పనిచేసే ట్రస్టులకు మామూలుగా ఆ మినహాయింపుకు కావాల్సిన గుర్తింపు దొరకదు. కాబట్టి ఆదివారం కానుకకు పన్ను తగ్గుతుందని లెక్కేసుకోకూడదు. గుర్తింపు ఉన్న సేవాసంస్థకు ఇచ్చినప్పుడు రసీదు భద్రపరచుకోవాలి.

యాభై దాటాక: మనకెంత చాలు?

పిల్లలు స్థిరపడతారు. లోను తీరుతుంది. జీతం ఎక్కువగా ఉండే కాలమూ ఇదే. చాలామంది ఇళ్లల్లో మాత్రం కానుక మొత్తం ఇరవయ్యేళ్ల కిందటి అంకె దగ్గరే ఆగిపోయి ఉంటుంది. ఆదాయం పెరిగింది, కారు మారింది, ఇల్లు మేడైంది, చందా కవరు మాత్రం మారలేదు.

18వ శతాబ్దపు ఇంగ్లండు బోధకుడు జాన్ వెస్లీ ఒక ప్రసంగంలో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఒక యువకుడి లెక్క చెప్పాడు. ఏడాదికి 30 పౌన్లు వచ్చినప్పుడు 28తో బతికి 2 ఇచ్చేశాడు. మరుసటి ఏడు 60 వచ్చాయి. అప్పుడూ 28తోనే బతికి 32 ఇచ్చాడు. తర్వాత 90, ఆపైన 120 వచ్చినా ఖర్చు 28 దాటలేదు. ఆ యువకుడు వెస్లీయేనని చాలామంది నమ్మకం. 20వ శతాబ్దంలో అమెరికాలో మట్టి తవ్వే భారీ యంత్రాలు తయారుచేసిన రాబర్ట్ లెటర్నో, ఆయన భార్య ఎవలిన్ ఆదాయంలో తొంభై శాతం ఇచ్చి పదో వంతుతో బతికిన జంటగా పేరుపడ్డారు. పదోవంతు ఇవ్వడాన్ని పదోవంతు ఉంచుకోవడంగా తిరగేశారు.

అందరూ అలా చేయలేరు, చేయనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది వాళ్ల అంకె కాదు, వాళ్లు వేసుకున్న ప్రశ్న. ‘ఎంత ఇద్దాం’ అని కాకుండా ‘మనకెంత చాలు’ అని ఇద్దరూ అనుకున్న రోజు ఖర్చుకు గట్టు పడుతుంది. పెన్షన్ ఇంత, మందులకు ఇంత, మనవల రాకపోకలకు ఇంత అని గీత గీసుకుంటే ఆపైన వచ్చేది ఇవ్వడానికి చేతికొస్తుంది. జక్కయ్య ఆస్తిలో సగం పేదలకిస్తానని, ఎవరి దగ్గరైనా అన్యాయంగా తీసుకుని ఉంటే నాలుగంతలు తిరిగి చెల్లిస్తానని అన్నాడు. ఆ రెండో మాట కూడా ఈ వయసుకు సరిపోతుంది. పొలం గట్టు దగ్గర అన్నదమ్ముడికి చేసిన అన్యాయం, పనిమనిషికి ఎగ్గొట్టిన జీతం అలాగే ఉంచి గుడికి పాలరాతి బల్ల చేయిస్తే అది కానుక అవ్వదు.

ఆఖరి సంతకం

విల్లు మాటెత్తితే మన ఇళ్లల్లో అపశకునం అంటారు. కానీ ఒక జంట చేయగలిగిన అతి పెద్ద కానుక తరచుగా ఆ కాగితంలోనే ఉంటుంది. క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారత వారసత్వ చట్టం. భర్త వీలునామా లేకుండా పోతే భార్యకు మూడో వంతు, మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానం. కొడుకు, కూతురు తేడా లేదు. సంఘానికో అనాథాశ్రమానికో ఏమైనా చెందాలంటే వీలునామా తప్పనిసరి.

చాలాకాలం దానికీ ఒక అడ్డు ఉండేది. అదే చట్టంలోని 118వ సెక్షన్ ప్రకారం, దగ్గరి బంధువులున్న క్రైస్తవుడు మతపరమైన లేదా ధర్మకార్యాలకు ఆస్తి రాయాలంటే చనిపోవడానికి కనీసం ఏడాది ముందే వీలునామా రాసి, రాసిన ఆరు నెలల్లో చట్టం చెప్పిన చోట భద్రపరచాల్సి వచ్చేది. లేకపోతే చెల్లేది కాదు. ఈ ఆంక్ష తమ మీదే ఎందుకని జాన్ వల్లమట్టం అనే క్రైస్తవ గురువు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2003లో కోర్టు ఆ సెక్షన్ సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. ఇప్పుడు క్రైస్తవుడు కూడా తన కష్టార్జితాన్ని ధర్మానికి స్వేచ్ఛగా రాయవచ్చు. ఆ స్వేచ్ఛ సంగతి మన సంఘాల్లో ఇప్పటికీ చాలామందికి తెలియదు.

వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. సాక్షిగా సంతకం పెట్టినవారికో, వారి భార్యకో భర్తకో అందులో ఏమైనా రాసి ఉంటే ఆ భాగం చెల్లదు. పాస్టరుగారికి కొంత రాసి, ఆయన్నే సాక్షిగా పెట్టే పొరపాటు ఇక్కడే జరుగుతుంది. అన్నింటికంటే ముఖ్యం, పిల్లలతో ముందే చెప్పాలి. తండ్రి పోయాక కాగితం తెరిస్తే ‘గుడివాళ్లు నాన్నను మభ్యపెట్టారు’ అన్న గొడవ పుడుతుంది. తల్లిదండ్రులు బతికుండగా, అందరూ భోజనానికి కూర్చున్న రోజున, ‘ఇది మీకు, ఇది దేవుని పనికి, కారణం ఇది’ అని ఇద్దరూ కలిసి చెప్పిన ఇంట్లో ఆ గొడవకు చోటుండదు.

ఇరవై అయిదేళ్ల వయసులో మొదటి జీతంలోంచి తీసిన కొంచెమే డెబ్భై అయిదేళ్ల వయసులో వీలునామా మీద పెట్టే సంతకాన్ని తేలిక చేస్తుంది. జీవితమంతా మూసి ఉంచిన చెయ్యి చివర్లో ఒక్కసారిగా తెరుచుకోదు. పెళ్లి కుదిరిన పిల్లలకు సంఘ కాపరులు ప్రార్థన, ప్రవర్తన గురించి చెబుతున్నట్టే డబ్బు గురించి కూడా కూర్చోబెట్టి చెప్పాలి. పెళ్లయి ఎన్నేళ్లయినా ఇంకా ఆ మాట అనుకోని దంపతులు వచ్చే నెల జీతం పడేలోపే అనుకోవాలి. అంకె చిన్నదైనా ఫరవాలేదు. దాని కింద ఇద్దరి ఒప్పుదలా ఉండాలి.